గుండెకు ఎన్ని గ్రేలు?

ఎడమ రొమ్ము పూర్తిగా తీసేశాక చర్మానికీ గుండెకీ మధ్య మిగిలేది చాలా తక్కువ. పైన చర్మం, దాని కింద పలచని కొవ్వు, ఛాతీ కండరం, పక్కటెముకలు, వాటి వెనక ఊపిరితిత్తి అంచు. బక్కపలచటి మనిషైతే ఇదంతా కలిపినా రెండు అంగుళాలు ఉండకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత క్యాన్సర్ కణాలు ఒకటో అరో మిగిలి ఉంటే చాలావరకు ఈ పలచని గోడలోనే ఉంటాయి. లేదంటే చంకలోనో, కాలర్ ఎముక దగ్గరో, ఛాతీ మధ్య ఎముకను ఆనుకుని వరసగా ఉండే చిన్న లింఫ్ గ్రంథుల్లోనో దాక్కుంటాయి. రేడియేషన్ అక్కడిదాకా వెళ్ళాలి, ఆ వెనకే కొట్టుకుంటున్న గుండెను మాత్రం ముట్టుకోకూడదు. ఈ అధ్యాయమంతా ఆ కొద్ది సెంటీమీటర్ల గురించే.

ఇది హైదరాబాదుకు దూరపు సంగతేమీ కాదు. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020లో విడుదల చేసిన నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికన్నా ఎక్కువగా నమోదైంది మన హైదరాబాద్ జిల్లాలోనే. వయసుల తేడాను సరిచేసి లెక్కిస్తే ఏడాదికి లక్ష మంది మహిళల్లో 48 కొత్త కేసులు. చెన్నైలో అది 42, బెంగళూరులో 40 చిల్లర. పెళ్ళిళ్ళు, కాన్పులు ఆలస్యం కావడం, పిల్లలకు పాలిచ్చే కాలం తగ్గడం, ఒళ్ళు పెరగడం, ఆయుర్దాయం పెరగడం, పరీక్షలు పెరగడం... నగరాల్లో ఈ అంకె పెరగడానికి ఇలాంటి కారణాలు చాలానే చెబుతారు. వాటి జోలికి ఇక్కడ వెళ్ళను. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ వంటి పాత మధ్యతరగతి పేటల్లో ఈ జబ్బు తెలిసినవాళ్ళ ఇంట్లోనైనా చూడని కుటుంబం అరుదు అని మాత్రం అనొచ్చు.

ఆ ఇళ్ళలో ఇప్పుడు రెండు ప్రశ్నలు వినిపిస్తున్నాయి. మొదటిది పాతదే: "రొమ్మే తీసేశారు కదా, మళ్ళీ కరెంటు పెట్టడం ఎందుకు?" రెండోది కొత్తది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు వాట్సాప్‌లో ఒక వీడియో పంపిస్తాడు. "ప్రోటాన్ అని ఉందటమ్మా, గుండెకేమీ కాదట, చెన్నైలో కూడా వచ్చిందట, డబ్బు సంగతి నేను చూసుకుంటాను, వెళ్ళండి" అంటాడు. వెళ్ళాలా? ఈ రెండో ప్రశ్నకు జవాబు మొదటి ప్రశ్నలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

రొమ్ము తీసేశాక కూడా రేడియేషన్ ఎందుకన్నది తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు. వైద్యులే దాని మీద కొన్ని దశాబ్దాలు వాదులాడుకున్నారు. ఆ వాదనను మలుపు తిప్పింది డెన్మార్క్‌లో 1982లో మొదలైన పరీక్ష. నెలసరి ఇంకా ఆగని, జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్న 1,708 మంది మహిళలను తీసుకున్నారు. అందరికీ రొమ్ము తొలగించారు, అందరికీ సీఎమ్ఎఫ్ అనే మూడు మందుల కీమో ఇచ్చారు. సగం మందికి అదనంగా ఛాతీ గోడకూ లింఫ్ గ్రంథులకూ రేడియేషన్ ఇచ్చారు. 1997లో ఫలితాలు బయటికొచ్చాయి. రేడియేషన్ లేనివాళ్ళలో 32 శాతం మందికి ఛాతీ మీదో చంకలోనో జబ్బు తిరిగొచ్చింది. రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో అది 9 శాతమే. పదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు మొదటి వైపు 45 శాతం, రెండో వైపు 54 శాతం. ఒక్క మాట పక్కకు పోయి చెప్పాలి: సీఎమ్ఎఫ్‌లో మధ్య అక్షరం మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపించిన పరిశోధన నుంచి వచ్చిన మందు అది. ఆ డేనిష్ మహిళల ఒంట్లోకి మన తెలుగువాడి చేతి చలవ కూడా కొంత వెళ్ళింది.

ఈ రేడియేషన్ అందరికీ అవసరం లేదు. చంకలో నాలుగు, అంతకు మించి గ్రంథులకు క్యాన్సర్ పాకితే, గడ్డ 5 సెంటీమీటర్లు దాటితే, చర్మానికో ఛాతీ గోడకో అంటుకుంటే తప్పకుండా కావాలి. ఒకటి నుంచి మూడు గ్రంథులకు పాకినప్పుడు మాత్రం వాదన ఇంకా నడుస్తోంది. పాత పరీక్షలన్నిటినీ కలిపి 2014లో చేసిన విశ్లేషణ వాళ్ళకీ మేలు జరుగుతుందని చెప్పింది. ఆధునిక మందుల కాలంలో, ముప్పు మధ్యరకంగా ఉన్నవాళ్ళ మీద చేసిన సుప్రీమో పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. పదేళ్ళ తర్వాత రేడియేషన్ తీసుకున్నవాళ్ళూ, తీసుకోనివాళ్ళూ దాదాపు సమానంగానే, 81-82 శాతం చొప్పున, బతికి ఉన్నారు. ప్రోటానా ఫోటానా అని తర్జనభర్జన పడేముందు అసలు రేడియేషనే అక్కర్లేదేమో అని అడగాల్సినవాళ్ళూ కొందరున్నారన్నమాట.

మన దగ్గర ఆ కొందరు తక్కువే. చాలామంది గడ్డ బాగా పెరిగాకే ఆసుపత్రికి వస్తారు. నొప్పి లేదు కదా అని ఆగుతారు, ఇంట్లో పెళ్ళి అయ్యాక చూద్దామని ఆగుతారు. అందుకే రొమ్ము పూర్తిగా తీసేయాల్సి రావడమూ ఎక్కువ, ఆ తర్వాత రేడియేషన్ తప్పకపోవడమూ ఎక్కువ.

డేనిష్ పరీక్షకు ముందు రేడియేషన్ వల్ల ప్రాణాలు నిలుస్తాయని ఎందుకు తేలలేదు? దీని జవాబు కొంచెం భయపెడుతుంది. పాతకాలపు పరీక్షల్లో పాల్గొన్న మహిళలు ఏ కారణంతో చనిపోయారో 1994లో జాక్ క్యూజిక్ బృందం విడదీసి చూసింది. రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు తగ్గాయి. గుండె జబ్బు చావులు పెరిగాయి. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పోయింది. 1950ల్లో, 60ల్లో వాడిన పద్ధతుల్లో గుండె మీద పడే మోతాదు ఎక్కువ. అప్పుడది కొలిచే సాధనాలూ సరిగా లేవు.

ఎంత మోతాదుకు ఎంత ముప్పు అనే లెక్క 2013లో తేలింది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన సారా డార్బీ, ఆమె సహచరులు స్వీడన్, డెన్మార్క్‌లలో 1958 నుంచి 2001 మధ్య రేడియేషన్ తీసుకున్న 2,168 మంది మహిళల పాత చార్టులు తవ్వి, ఒక్కొక్కరి గుండెకు సగటున ఎన్ని గ్రేలు తగిలాయో మళ్ళీ లెక్కగట్టారు. గ్రే అంటే కిలో కండరంలో ఒక జౌలు శక్తి చేరడం. వేడిగా చూస్తే అది ఏమీ కాదు, నీటి ఉష్ణోగ్రతను డిగ్రీలో నాలుగు వేలో వంతు పెంచుతుందంతే. కరెంటు పెట్టేటప్పుడు రోగికి ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదే. దెబ్బ వేడి వల్ల కాదు, డీఎన్ఏ పోగులు తెగడం వల్ల. ఎడమవైపు క్యాన్సర్ వచ్చినవాళ్ళ గుండెకు సగటున 6.6 గ్రేలు, కుడివైపు వాళ్ళకు 2.9 గ్రేలు తగిలాయని తేలింది. గుండెకు సగటున తగిలే ఒక్కో గ్రేకీ గుండెపోటు వంటి తీవ్రమైన ఘటనల ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగింది. ఇంతలోపు అయితే ఫరవాలేదనే సురక్షిత హద్దేదీ కనిపించలేదు. చికిత్స తర్వాత తొలి ఐదేళ్ళలోనే మొదలైన ఆ ముప్పు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా కొనసాగింది.

7.4 శాతం అనగానే గుండె గుభేలుమంటుంది. అది ఉన్న ముప్పులో 7.4 శాతం, నూటికి ఏడుగురు అని కాదు. డార్బీ బృందం తమ పరిశోధన వ్యాసంలోనే ఒక ఉదాహరణ ఇచ్చింది. గుండెకు వేరే ముప్పులేమీ లేని యాభై ఏళ్ళ మహిళకు రేడియేషన్ లేకపోయినా ఎనభై ఏళ్ళలోపు గుండె ఘటన వచ్చే అవకాశం 4.5 శాతం. గుండెకు 3 గ్రేలు తగిలితే అది 5.4 శాతం అవుతుంది. ఈ ఉదాహరణ గుర్తుంచుకోండి, ప్రోటాన్ విలువ తూచేటప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

మామూలు రేడియేషన్ యంత్రం, అంటే లినాక్, పంపేది శక్తివంతమైన ఎక్స్‌కిరణాలను. వాటిలోని రేణువులు ఫోటాన్లు. ఫోటాన్‌కు బరువు లేదు, ఆవేశం లేదు. ఒంట్లోకి దూరాక ఏదో ఒక అణువును ఢీకొనేదాకా ఏ మార్పూ లేకుండా పోతూనే ఉంటుంది. కొన్ని పైనే ఆగిపోతాయి, కొన్ని లోపల, కొన్ని వీపులోంచి బయటికి పోతాయి. లోతుకు పోయేకొద్దీ కిరణం సన్నబడుతుందేగానీ ఎక్కడా పూర్తిగా ఆగదు.

ప్రోటాన్ స్వభావం వేరు. హైడ్రోజన్ పరమాణువులోంచి ఎలక్ట్రాన్‌ను లాగేస్తే మిగిలేది ప్రోటాన్. దానికి బరువుంది, ధనావేశముంది. దారిలో కనిపించిన ప్రతి ఎలక్ట్రాన్‌నూ లాగుతూ, ప్రతిసారీ కొంచెం శక్తి పోగొట్టుకుంటూ వెళుతుంది. సాయంత్రం పూట చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద జేబు నిండా డబ్బుతో బయల్దేరిన మనిషిని ఊహించుకోండి. హడావుడిగా నడుస్తున్నంతసేపూ దుకాణాల వైపు చూడడు, ఎక్కడో ఒక రూపాయి ఖర్చు పెడతాడు. నడక నెమ్మదించేకొద్దీ ప్రతి కొట్టు ముందూ నిలబడతాడు, ఖర్చు పెరుగుతుంది. చివరికి పూర్తిగా నెమ్మదించిన చోట జేబు మొత్తం ఖాళీ చేసి అక్కడే ఆగిపోతాడు. తర్వాతి కొట్టుకు అతని నుంచి ఒక్క పైసా రాదు. ప్రోటాన్ కూడా అంతే. వేగంగా ఉన్నప్పుడు ఒక్కో ఎలక్ట్రాన్ పక్కన గడిపే సమయం తక్కువ కాబట్టి ఇచ్చే శక్తీ తక్కువే. ఆగబోయే చోట ఒక్కసారిగా గుమ్మరిస్తుంది. ఆ తర్వాత దాదాపు సున్నా.

ఆ గుమ్మరింపును మొదట చూసింది విలియం హెన్రీ బ్రాగ్. 1904లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో రేడియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలను గాల్లోంచి పంపి కొలుస్తుంటే అవి దారి చివర ఎక్కువ ప్రభావం చూపుతున్నాయని తేలింది. అందుకే దానికి బ్రాగ్ శిఖరం అని పేరు. అది వైద్యానికి పనికొస్తుందని ఎవరికైనా తట్టడానికి నలభై ఏళ్ళు పట్టింది. లాస్ అలమోస్‌లో అణుబాంబు తయారీలో పనిచేసి బయటికొచ్చిన రాబర్ట్ విల్సన్ 1946లో ఒక వైద్య పత్రికలో చిన్న వ్యాసం రాశాడు. ప్రోటాన్లకు ఎంత శక్తి ఇవ్వాలో సరిగ్గా లెక్కేస్తే అవి కణితి దగ్గరే ఆగుతాయి, వెనకున్న అవయవం బాగుంటుంది అన్నది దాని సారాంశం. ఆ వ్యాసం ఆ రోజుల్లో పెద్దగా ఎవరికీ పట్టలేదు. విల్సన్ కూడా మళ్ళీ కణ భౌతికశాస్త్రంలోకే వెళ్ళిపోయి, తర్వాత ఫెర్మీలాబ్‌కు మొదటి డైరెక్టర్ అయ్యాడు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. మనుషుల్లో ప్రోటాన్లను తొలిసారి ప్రయోగించింది రొమ్ము క్యాన్సర్ ఉన్న మహిళల మీదే. 1954లో బర్కిలీలో జాన్ లారెన్స్, కార్నీలియస్ టోబయస్ ఆ పని చేశారు. గురి మాత్రం రొమ్ము మీద కాదు. జబ్బు ఒళ్ళంతా పాకిన మహిళల్లో హార్మోన్లను అణచడానికి మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథిని కాల్చారు. అందులోనూ తమాషా ఏమిటంటే, అప్పటి కిరణం శక్తి ఎంత ఎక్కువంటే అది తలలోంచి అవతలికి పోయింది. వేర్వేరు కోణాల నుంచి పంపి, అవన్నీ కలిసే చోట మోతాదు పెరిగేలా చూశారు. ప్రోటాన్ అసలు గొప్పతనమైన ఆ ఆగిపోయే గుణాన్ని మొదటిసారి వాడుకోనేలేదు. ఆ తర్వాత ఉప్సాలా, హార్వర్డ్ భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో మూల గదులు అద్దెకు తీసుకున్నట్టుగా ఈ చికిత్స చాలాకాలం నడిచింది. ఆసుపత్రిలోనే ప్రోటాన్ యంత్రం పెట్టింది 1990లో, కాలిఫోర్నియాలోని లోమా లిండాలో.

మన వైపు అది 2019 జనవరిలో వచ్చింది. చెన్నై తరమణిలో అపోలో ప్రోటాన్ క్యాన్సర్ సెంటర్‌ను అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్య నాయుడు ప్రారంభించారు. దాన్ని నెలకొల్పిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డిది చిత్తూరు జిల్లా అరగొండ. దక్షిణాసియాలో అదే మొదటిది. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు నవీ ముంబై ఖార్‌ఘర్‌లో 2023లో రెండోది మొదలుపెట్టారు. నాంపల్లిలో సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున చెన్నైలో దిగొచ్చు కాబట్టి హైదరాబాదు వాళ్ళకు ప్రోటాన్ అంటే చెన్నైయే.

అక్కడి యంత్రం నిజంగా చూడదగ్గది. 200 టన్నులకు పైగా బరువున్న సైక్లోట్రాన్ ప్రోటాన్లను గుండ్రంగా తిప్పి కాంతి వేగంలో 60 శాతం దాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి అయస్కాంతాల సొరంగంలోంచి చికిత్స గదికి వస్తాయి. గదిలో రోగి చూసేది ఒక బల్ల, ఒక ముక్కు లాంటి గొట్టం. గోడ వెనక దాన్ని రోగి చుట్టూ తిప్పే చట్రం మాత్రం మూడంతస్తుల ఎత్తుంటుంది, వంద టన్నులకు పైగా తూగుతుంది. చుట్టూ మీటర్ల మందం కాంక్రీటు. వెయ్యి కోట్ల రూపాయలకు పైగా పెట్టుబడి. ఖర్చు లక్షల్లో ఎందుకవుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇంత శక్తిని ఇంత కష్టపడి పుట్టించి ఛాతీ గోడ దగ్గరికి తెచ్చాక వచ్చే చిక్కు వింతగా ఉంటుంది. పూర్తి శక్తితో వదిలితే ఆ ప్రోటాన్లు నీళ్ళలో 33 సెంటీమీటర్ల లోతుకు పోతాయి. మనకు కావాల్సింది మూడు నాలుగు సెంటీమీటర్లు. అందుకని దారిలో గ్రాఫైట్ అడ్డుపెట్టి వేగం తగ్గిస్తారు, అదీ చాలక గొట్టం మూతి దగ్గర ప్లాస్టిక్ పలక తగిలిస్తారు. తర్వాత పెన్సిల్ మొన లాంటి సన్నటి కిరణాన్ని అయస్కాంతాలతో అటూ ఇటూ తిప్పుతూ, ఒక్కో లోతును ఒక్కో పొరగా, ఛాతీ గోడ మొత్తాన్నీ చుక్కలతో నింపుతారు.

ఫలితం గుండె విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో లింఫ్ గ్రంథులకు కూడా రేడియేషన్ అవసరమైన 69 మంది మహిళలకు ప్రోటాన్ ఇచ్చి, 2019లో ఫలితాలు ప్రచురించారు. గుండెకు తగిలిన సగటు మోతాదు అర గ్రే. డార్బీ లెక్కల్లోని పాతకాలపు 6.6 పక్కన పెట్టి చూస్తే ఇది అద్భుతమే. కానీ నష్టం లేని లాభం ఇక్కడా లేదు. ఎక్స్‌కిరణాలు చర్మం దగ్గర కొంచెం తక్కువగా, లోపలికి వెళ్ళాక ఎక్కువగా పనిచేస్తాయి. ప్రోటాన్లతో చర్మానికి ఆ వెసులుబాటు తక్కువ. చర్మం ఎర్రబారడం, కమలడం మామూలే. పైగా ప్రోటాన్లు ఆగే చోటు సరిగ్గా పక్కటెముకల దగ్గర. ఆగబోయే చివరి మిల్లీమీటర్లలో వాటి దెబ్బ లెక్కల్లో వేసినదానికన్నా కొంత ఎక్కువే ఉంటుంది. అందుకే అదే బోస్టన్ పరీక్షలో కొందరికి పక్కటెముకలు చిట్లాయి. గాలి పీల్చి వదిలినప్పుడల్లా ఛాతీ కదలడం, వాపు తగ్గి గోడ మందం మారడం, రొమ్మును మళ్ళీ నిర్మించడం కోసం పెట్టిన ఎక్స్‌పాండర్‌లో లోహపు ముక్క ఉండడం... వీటన్నిటితో ప్రోటాన్ ఆగే చోటు మిల్లీమీటర్ల కొద్దీ జరుగుతుంది. ఫోటాన్లకు ఈ మిల్లీమీటర్ల పట్టింపు అంతగా లేదు.

ప్రోటాన్ నిజంగా ఎక్కడ పనికొస్తుందో చెప్పడానికి మళ్ళీ డెన్మార్క్ వెళ్ళాలి. ఛాతీ మధ్య ఎముక పక్కనున్న గ్రంథులకు రేడియేషన్ ఇస్తే మేలా కాదా అని అక్కడ ఒక అధ్యయనం చేశారు. చీట్లు వేసి పంచలేదు. గుండెకు భయపడి, కుడివైపు క్యాన్సర్ ఉన్నవాళ్ళకు ఆ గ్రంథులకు రేడియేషన్ ఇచ్చారు, ఎడమవైపు వాళ్ళకు ఇవ్వలేదు. మూడు వేల మందికి పైగా మహిళలు. ఎనిమిదేళ్ళకు కుడివైపు వాళ్ళలో 75.9 శాతం మంది బతికున్నారు, ఎడమవైపు వాళ్ళలో 72.2 శాతం. ఈ అంకెల్లో నాకు కనిపించేది ఇది: ఎడమవైపు మహిళలు కొందరు గుండెను కాపాడుకునే ప్రయత్నంలో క్యాన్సర్‌కు చిక్కారు. ఆ గ్రంథులకూ మోతాదు చేరాలి, వాటి వెనక గుండెకూ ఏమీ కాకూడదు అన్నప్పుడే, అంటే సరిగ్గా ఇలాంటి మనిషికే, ప్రోటాన్ అవసరం గట్టిగా ఉంటుంది.

మిగతావాళ్ళ సంగతి? వాళ్ళకు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ అక్కర్లేదు, మెట్రో చాలు. చిక్కడపల్లి స్టేషన్లో గ్రీన్ లైన్ ఎక్కి ఎంజీబీఎస్‌లో రెడ్ లైన్‌కు మారితే లక్డీకాపూల్. దిగి కొంచెం నడిస్తే రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎమ్ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. బంజారాహిల్స్‌లో బసవతారకం ఆసుపత్రి 2000లో మొదలైంది, క్యాన్సర్‌తో చనిపోయిన భార్య పేరు మీద ఎన్.టి. రామారావు తలపెట్టిన సంస్థ అది. ఇవి కాక ప్రైవేటు ఆసుపత్రుల్లో లినాక్‌లు చాలానే ఉన్నాయి. వారానికి ఐదు రోజులు, ఒక్కో సిట్టింగ్ పావుగంట. ఒకప్పుడు అయిదు వారాలు పట్టేది. రొమ్ము తొలగించినవాళ్ళకు మూడు వారాల్లో 15 సిట్టింగులు ఇచ్చినా జబ్బు అదుపులో తేడా లేదని చైనాలో 820 మందిపై జరిగిన పరీక్ష 2019లో చూపించింది. ఇంట్లో తిని, ఇంట్లో పడుకుని, మధ్యలో పిల్లల పరీక్షలు చూసుకుంటూ చికిత్స పూర్తిచేసుకోవడం చిన్న విషయం కాదు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే లినాక్ చికిత్సకు చేతి నుంచి పడేదీ తక్కువ.

గుండెను కాపాడే ఉపాయం లినాక్ దగ్గరా ఉంది, దానికి సైక్లోట్రాన్ అక్కర్లేదు, ఊపిరి బిగబడితే చాలు. గట్టిగా గాలి పీల్చినప్పుడు ఊపిరితిత్తి ఉబ్బి, డయాఫ్రమ్ కిందికి దిగి, గుండె ఛాతీ గోడ నుంచి వెనక్కీ కిందికీ జరుగుతుంది. ఆ ఇరవై సెకన్లే కిరణం వదులుతారు. రోగి ఊపిరి వదిలితే యంత్రం ఆగిపోతుంది. ముందు వారం రోజులు ఇంట్లో సాధన చేసి రమ్మంటారు. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు ఇది తేలిగ్గా వస్తుందని నా అనుమానం, త్యాగరాయ గానసభ ఉన్న చిక్కడపల్లిలో ఆ మాట అనొచ్చనుకుంటాను. ఊపిరి బిగబట్టే పద్ధతిలో, ఛాతీ మధ్య గ్రంథుల జోలికి పోనవసరం లేని మహిళకు, గుండె సగటు మోతాదు ఒకటి రెండు గ్రేలకు దిగుతుంది.

ఇప్పుడు డార్బీ ఉదాహరణను తీసి లెక్క వేద్దాం. నేను వేస్తున్నది ముతక లెక్కే, అయినా దారి చూపిస్తుంది. రేడియేషన్ లేకుండా ముప్పు 4.5 శాతం. గుండెకు 4 గ్రేలు తగిలే ప్లాన్‌తో అది 5.8 అవుతుంది. ప్రోటాన్‌తో అర గ్రే తగిలితే 4.7. అంటే నూరుమందిలో ఒకరికి తేడా. అదే ఊపిరి బిగబట్టి ఫోటాన్‌తోనే ఒకటిన్నర గ్రేకు దించగలిగితే ముప్పు 5.0. అప్పుడు ప్రోటాన్ వల్ల అదనంగా బయటపడేది మూడొందల మందిలో ఒకరు. షుగరూ బీపీ ఉండి అసలు ముప్పే రెట్టింపు ఉన్న మహిళకు ఈ తేడాలూ రెట్టింపవుతాయి. మన హైదరాబాదులో అలాంటివాళ్ళు తక్కువేం కాదు. అయితే వాళ్ళకు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ అదుపులో పెట్టడం వల్ల కలిగే లాభం యంత్రం మార్చడం వల్ల కలిగే లాభానికి తీసిపోదు. ఆ సలహాకు ఎవరూ వీడియోలు పంపరు.

కాగితం మీద వేసిన ఈ తేడా మనుషుల్లో నిజంగా కనిపిస్తుందా? అమెరికాలో రాడ్‌కాంప్ అనే పరీక్షలో 1,239 మంది మహిళలను చీట్లు వేసినట్టుగా రెండు గుంపులు చేసి, ఒకరికి ప్రోటాన్, ఒకరికి ఫోటాన్ ఇచ్చారు. 2025లో జీవన నాణ్యత ఫలితాలు చెప్పారు. నీరసం, నొప్పి, చెయ్యి కదలిక, రోజువారీ బతుకు వంటివి రెండు గుంపుల్లోనూ బాగానే ఉన్నాయి, చెప్పుకోదగ్గ తేడా లేదు. అసలు ప్రశ్న గుండె జబ్బు గురించి. దానికి జవాబు రావాలంటే ఏళ్ళు గడవాలి, ఆ లెక్క ఇంకా తేలలేదు. డెన్మార్క్ వాళ్ళు 2020లో ఇంకో పరీక్ష మొదలుపెట్టారు. నాకు నచ్చింది వాళ్ళ ఎంపిక పద్ధతి. అందరినీ తీసుకోరు. మామూలు ప్లాన్ వేసి చూస్తారు. గుండె సగటు మోతాదు 4 గ్రేలు దాటితేనో, ఊపిరితిత్తి మీద మోతాదు ఒక హద్దు మించితేనో ఆ మహిళను పరీక్షలోకి పిలుస్తారు. ఒక యంత్రం గొప్పదా ఇంకోటి గొప్పదా అన్న వాదనను ఒక అంకె దగ్గరికి తెచ్చి నిలబెట్టారు.

మన దగ్గరా ఆ పద్ధతే సరైనదని నా అభిప్రాయం. చెన్నై వెళ్ళడం న్యాయమనిపించేవాళ్ళు ఉన్నారు. ఎడమవైపు జబ్బు, ఛాతీ మధ్య గ్రంథులకు కూడా మోతాదు కావాలి, ఊపిరి బిగబట్టినా గుండె మోతాదు తగ్గడం లేదు. లేదా ఛాతీ లోపలికి సొట్టపడి గుండె గోడకు ఆనుకుని ఉంది. లేదా చిన్న వయసులో వేరే జబ్బుకు ఛాతీ మీద ఒకసారి రేడియేషన్ పడింది. లేదా ఎర్ర మందు అనిపించుకునే డాక్సోరూబిసిన్ వల్లో, ట్రాస్టుజుమాబ్ వల్లో గుండె పంపింగ్ ఇప్పటికే తగ్గింది. ఇలాంటివాళ్ళకు ఖర్చు, ప్రయాణం, వారాల తరబడి తరమణిలో గది అద్దె భరించడంలో అర్థముంది. కుడివైపు జబ్బున్న అరవై అయిదేళ్ళ మనిషి ఇల్లు తాకట్టు పెట్టి ప్రోటాన్ కోసం వెళ్ళడం మాత్రం నాకు దండగగానే కనిపిస్తుంది.

కాబట్టి రేడియేషన్ డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు "ప్రోటాన్ మంచిదా సార్?" అని మొదలుపెట్టకండి. ప్లాన్ సీటీ అయ్యాక కంప్యూటర్లో ప్రతి అవయవానికీ ఎంత మోతాదు పడుతుందో గీత గీసి ఉంటుంది. "గుండెకు సగటున ఎన్ని గ్రేలు పడుతున్నాయి? ఊపిరి బిగబడితే ఎంత తగ్గుతుంది? ఛాతీ మధ్య గ్రంథులకు కూడా ఇస్తున్నారా?" అని అడగండి. అంకెను కాగితం మీద రాయించుకోండి. అది 1, 2 దగ్గర ఉంటే ఇచ్చిన తేదీకి ఇక్కడే మొదలుపెట్టించుకోండి. 4 దాటితే ఆ కాగితాన్నీ సీటీ డిస్కునూ చెన్నైకో ఖార్‌ఘర్‌కో పంపి రెండో అభిప్రాయం అడగండి. ఆ జవాబు వచ్చేదాకా అని మాత్రం చికిత్సను వారాల కొద్దీ వాయిదా వేయకండి.